రాత్రికి తేలే లెక్క

మా మేనమామ షావుకారుపేటలో ఒక టోకు కొట్టుకి బాకీలు వసూలు చేసేవాడు. ఇల్లు పురసవాక్కంలో, గంగాధీశ్వరర్ గుడికి దగ్గర్లో ఒక సందులో. పొద్దున్నే ఇంటి నుంచి కొట్టుకి ఒక బస్సు. అక్కణ్నించి చాకలిపేటకో తిరువల్లిక్కేణికో ఇంకో బస్సు. వసూలైన డబ్బు కట్టడానికి మళ్లీ కొట్టుకి, చీకటి పడ్డాక ఇంటికి. కొన్ని రోజులు ఆరు బస్సులెక్కేవాడు. కొట్లోనే కూర్చుని చిట్టా రాసే రోజున రెండే.

రాత్రి అన్నం తిన్నాక చొక్కా జేబులోంచి ఆ రోజు టికెట్లన్నీ తీసి అరుగు మీద పరిచేవాడు. పలచటి కాయితాలు, చెమటకి మెత్తబడి ఉండేవి. ఒక్కోటీ వేలితో సాపు చేసి కూడేవాడు. కొన్ని రాత్రులు కూడిక అయ్యాక కాసేపు మాట్లాడేవాడు కాదు. "ఇవాళ రోజు టికెట్ కొనుంటే సరిపోయేదిరా" అని లేచిపోయేవాడు.

ఆయన చెప్పే రోజు టికెట్ మద్రాసు సిటీ బస్సుల్లో ఒకప్పుడు ఉండేది. యాభై రూపాయలిస్తే ఆ రోజంతా ఎన్ని బస్సులైనా ఎక్కొచ్చు. నెల పాసు అయితే వెయ్యి రూపాయలు. ఈ పాసు ఇప్పటికీ ఉంది. 2025 మార్చిలో ఏసీ బస్సులకి కూడా చెల్లేలా రెండు వేల రూపాయల పాసు ఒకటి వచ్చింది. ధరలు న్యాయమైనవే. చిక్కంతా వాటిని కొనాల్సిన వేళలో ఉంది. రోజు టికెట్ కొనాలా వద్దా అన్నది పొద్దున మొదటి బస్సులో, కండక్టరు పక్కన నిలబడి ఉండగానే తేల్చుకోవాలి. ఆ రోజు ఎన్ని బస్సులు ఎక్కాల్సి వస్తుందో మామయ్యకి అప్పుడు తెలియదు. నెల పాసు కొనాలంటే నెల మొత్తం ముందే తెలియాలి. జ్వరమొస్తే, పండగలకి కొట్టు మూస్తే, ఊళ్లో చావుకో పెళ్లికో నెల్లూరు వెళ్తే పాసు డబ్బు పోయినట్టే. ఎన్ని బస్సులెక్కాడో లెక్క తెలిసేసరికి రాత్రవుతుంది, అప్పటికి డబ్బు చేయి దాటిపోయి ఉంటుంది.

ఆ నిర్ణయం పొద్దున కాకుండా రాత్రి, అన్ని టికెట్లూ కళ్ల ముందు పరిచి చూశాక తీసుకునే వీలుంటే? ప్రపంచంలో కొన్ని నగరాల రవాణా సంస్థలు సరిగ్గా ఈ పనే చేస్తున్నాయి. దాన్ని డైలీ ఫేర్ క్యాప్ అంటారు. మనం రోజువారీ ఛార్జీ పరిమితి అనుకుందాం.

సంగతి చెప్పడానికి చాలా చిన్నది. ప్రయాణికుడు ముందుగా ఏమీ కొనడు. ఎక్కినప్పుడల్లా కార్డు మిషనుకి ఆనిస్తాడు. ఛార్జీ కోసుకుంటూ పోతుంది. ఆ రోజు కోసిన మొత్తం ఒక గీతని తాకగానే కోత ఆగిపోతుంది. ఆ తర్వాత ఎక్కే బస్సులన్నీ ఆ రోజుకి ఉచితం. గీత 80 రూపాయల దగ్గర ఉందనుకోండి. మొదటి ప్రయాణం 20, రెండోది 30, మూడోది 20. మొత్తం 70 అయింది. నాలుగోదానికి అసలు ఛార్జీ 20 అయినా గీతకి మిగిలింది పదే కాబట్టి పదే కోస్తుంది. అయిదోదానికి సున్నా. కార్డు ఆనించాలి, మిషను బీప్ అనాలి, కోత మాత్రం ఉండదు. రెండే బస్సులెక్కిన రోజున ఆ రెండు ఛార్జీలే పోతాయి. ఆరు ఎక్కిన రోజున రోజు టికెట్ కొన్నట్టు అవుతుంది. ఏ రోజు ఎలాంటిదో ముందుగా ఊహించే భారం ప్రయాణికుడి మీద నుంచి తప్పిపోయింది.

దీన్ని పెద్ద ఎత్తున చేసి చూపించింది లండన్. అక్కడ ఆయిస్టర్ కార్డు 2003లో వచ్చింది. మొదట అది ఉత్త డబ్బు సంచే. ఎన్నిసార్లు ఆనిస్తే అన్నిసార్లు కోసేది. అదే ఊళ్లో కాయితం మీద అచ్చేసిన రోజు టికెట్ కూడా ఉండేది కాబట్టి ఎక్కువ తిరిగేవాళ్లు కార్డు జోలికి పోలేదు. కార్డు వాడితే నష్టపోతామేమోనన్న భయం న్యాయమైనదే. ఆ భయం పోగొట్టడానికి 2005 ఫిబ్రవరి 27 నుంచి కార్డుకి రోజువారీ పరిమితి పెట్టారు. గీతని కాయితం టికెట్ ధర కంటే కాస్త కిందే గీశారు. దాంతో లెక్కేసుకోవాల్సిన పని లేకపోయింది. కార్డు ఆనించు, నీకు ఏది చవకో అదే పడుతుంది. 2025లో అక్కడి బస్సులో ఒక ప్రయాణం 1.75 పౌండ్లు, రోజుకి పరిమితి 5.25. అంటే మూడు బస్సుల తర్వాత నాలుగోది ఉచితం. చిన్న పిల్లాడు కూడా నోటితో చెప్పేయగల లెక్క. రైళ్లకి మాత్రం ఎన్ని జోన్లు దాటారన్న దాన్ని బట్టి గీత పైకో కిందకో జరుగుతుంది.

ఈ లెక్క ఎక్కడ జరుగుతుందన్నది నన్ను చాలాకాలం పట్టుకున్న ప్రశ్న. ఉదయం పెరంబూరులో ఎక్కిన బస్సు మిషను వేరు, సాయంత్రం ఎగ్మూరులో మెట్రో గేటు వేరు. ఒకదానికి ఒకటి తెలియదు. పొద్దుటి నుంచి నేనెంత కట్టానో సాయంత్రం గేటుకి ఎవరు చెప్తారు?

దీనికి రెండు జవాబులున్నాయి. పాత జవాబు: కార్డే చెప్తుంది.

కార్డుని మిషనుకి ఆనించే ఆ క్షణాన్ని కొంచెం సాగదీసి చూద్దాం. కార్డులో బ్యాటరీ లేదు. ప్లాస్టిక్ పొరల మధ్య అంచు వెంబడి సన్నని రాగితీగ చుట్టలు చుట్టి ఉంటుంది, దాని కొసన గోరంత కూడా లేని చిప్. మిషను సెకనుకి కోటీ 35 లక్షల 60 వేల సార్లు ఊగే అయస్కాంత క్షేత్రాన్ని, అంటే 13.56 మెగాహెర్ట్జ్ తరంగాన్ని, అస్తమానం వదులుతూనే ఉంటుంది. కార్డు నాలుగు వేళ్ల దూరానికి రాగానే ఆ క్షేత్రం రాగితీగలో కరెంటు పుట్టిస్తుంది. పదో తరగతి పుస్తకంలో చదువుకున్న ఫారడే సూత్రమే. ఆ కాస్త కరెంటుతో చిప్ మేలుకుంటుంది. ముందు ఇద్దరూ ఒకరినొకరు పరీక్షించుకుంటారు. మిషను ఒక అంకె ఇస్తుంది. కార్డు తన దగ్గరున్న రహస్య తాళంతో దాన్ని మార్చి తిప్పి పంపుతుంది. కార్డూ మిషనుని అలాగే అడుగుతుంది. తాళం అసలు బయటికి రాదు, తాళం ఉన్నట్టు రుజువు మాత్రమే వస్తుంది. నమ్మకం కుదిరాక మిషను కార్డులోని పద్దులు చదువుతుంది. నిల్వ ఎంత, చివరిసారి ఎక్కడ ఎప్పుడు ఆనించారు, ఈ రోజుకి ఇప్పటిదాకా కోసిన మొత్తం ఎంత. పరిమితిలోంచి ఆ మొత్తం తీసేస్తుంది. మిగిలినదాన్ని, ఈ ప్రయాణం ఛార్జీని పోల్చి ఏది తక్కువో అది కోస్తుంది. కొత్త నిల్వ, కొత్త మొత్తం రాస్తుంది. పచ్చ దీపం వెలుగుతుంది. లండన్ వాళ్లు ఈ మొత్తం తతంగం అర సెకనులో ముగియాలని పట్టుబట్టారు. అంతకు మించితే గేటు దగ్గర జనం ఒకరి మీద ఒకరు పడతారు.

ఆ అర సెకనులో కార్డు సగం రాత మధ్యలో లాగేస్తే? పక్కవాడు తోసినా, చంటిపిల్ల చేయి పట్టుకు లాగినా అది జరిగేదే. నిల్వ తగ్గించి రోజు మొత్తం పెంచకముందే కరెంటు పోతే ప్రయాణికుడు నష్టపోతాడు. అందుకని మంచి చిప్పులు పాత పద్దు చెరపకుండా పక్కన కొత్త పద్దు రాస్తాయి. అన్నీ పూర్తయ్యాక ఒకే ఒక్క గుర్తు మార్చి "ఇక నుంచి ఇదే అసలు" అంటాయి. ఆ గుర్తు పడేలోపు కార్డు దూరమైతే పాత పద్దే చెల్లుతుంది. చిత్తు లెక్క సరిచూసుకున్నాకే మామయ్య చిట్టాలోకి ఎక్కించేవాడు. సరిగ్గా అదే క్రమశిక్షణ.

లెక్క కార్డులోనే ఉండటం వల్ల ఒక గొప్ప సుఖం ఉంది. బస్సుకి సిగ్నల్ ఉన్నా లేకపోయినా, సొరంగంలో నెట్ ఆగినా పని ఆగదు. ఒక ప్రమాదమూ ఉంది. లెక్క ప్రయాణికుడి జేబులో ఉంటే దాన్ని దిద్దాలనుకునేవాళ్లూ ఉంటారు. 2008లో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అప్పటి ఆయిస్టర్ కార్డులు వాడే క్రిప్టో-1 అనే రహస్య పద్ధతిని ఛేదించి చూపించారు. 2009 చివరినాటికి లండన్ కొత్త కార్డులకి ఇంకా గట్టి చిప్‌కి మారిపోయింది. కార్డు చెప్పే మొత్తాన్నీ మిషన్లు పంపిన పద్దుల్నీ ఆఫీసులో పోల్చి, పొంతన లేని కార్డుని ఆపేసే ఏర్పాటు కూడా ఇలాంటి పద్ధతికి తప్పనిసరి.

రెండో జవాబు కొత్తది. ఇక్కడ కార్డుకి ఏమీ తెలియదు, తన నంబరు తప్ప. మిషనుకీ తెలియదు, ఫలానా నంబరు ఫలానా వేళకి ఫలానా చోట ఆనింది అన్నది తప్ప. ఆ ముక్కలన్నీ ఆఫీసు కంప్యూటరుకి చేరతాయి. రోజు ముగిశాక అది కూర్చుని ముక్కలు కలుపుతుంది. ఇక్కడ ఎక్కి అక్కడ దిగాడు, అక్కడ మళ్లీ ఎక్కాడు అని ప్రయాణాలు అల్లుతుంది. విడివిడిగా కూడితే ఎంత, రోజు పరిమితితో ఎంత అని చూసి తక్కువది ఎంచి ఒకే బిల్లు వేస్తుంది. లండన్ భూగర్భ రైళ్లలో మామూలు బ్యాంకు కార్డులు నేరుగా ఆనించడం 2014 సెప్టెంబరులో మొదలైంది. అదంతా ఈ పద్ధతే.

ఈ రెండోదాన్ని గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు మామయ్య అరుగే గుర్తొచ్చింది. టికెట్లన్నీ పరచడం, సాపు చేయడం, కూడటం, "రోజు టికెట్ కొనుంటే" అనుకోవడం. ఆఫీసు కంప్యూటరు చేసేది అదే. తేడా ఒక్కటే: అది "కొన్నట్టే అనుకుందాం" అని డబ్బు తగ్గిస్తుంది.

రోజుకే ఎందుకు, వారానికి కూడా గీయొచ్చు. న్యూయార్క్ 2022 ఫిబ్రవరి 28న అదే చేసింది. వారంలో 12 ప్రయాణాలకి డబ్బు కట్టాక పదమూడో దాని నుంచి ఉచితం. అప్పటి ఛార్జీ 2.75 డాలర్లు, కాబట్టి వారానికి 33 డాలర్లు. మొదట వారం సోమవారం మొదలయ్యేది. గురువారం ఊళ్లోకి వచ్చినవాడికి అది అన్యాయమని 2023లో మార్చి, మొదటిసారి ఆనించిన రోజు నుంచి ఏడు రోజులు లెక్కించడం మొదలుపెట్టారు.

గీత ఎక్కడ గీయాలో, ఎలా గీయాలో తేల్చడం సాంకేతికం కంటే కష్టమని సిడ్నీ అనుభవం చెప్తుంది. అక్కడి ఓపల్ కార్డులో వారానికి ఎనిమిది ప్రయాణాలకి కడితే మిగతావి ఉచితం అన్నారు. ప్రయాణం పొడవెంతో చూడలేదు, ఎన్నన్నదే చూశారు. దాంతో కొందరు సోమవారం పొద్దున పక్కపక్కనే ఉన్న రెండు ట్రామ్ స్టాపుల మధ్య అటూ ఇటూ పరుగెత్తి, అతి తక్కువ ఛార్జీతో ఎనిమిది ప్రయాణాలు పూర్తిచేసేవారు. ఆ తర్వాత వారమంతా దూర ప్రయాణాలు ఊరకే. ఓపల్ రన్నర్లు అని వాళ్లకి పేరే వచ్చింది. 2016లో ఉచితాన్ని సగం ధరగా మార్చేశారు. నా అభిప్రాయం అడిగితే, గీతని ప్రయాణాల సంఖ్య మీద కాకుండా రూపాయల మీదే గీయాలి. చెన్నై బస్సుల్లో దూరాన్ని బట్టి స్టేజీలున్నాయి, మెట్రోలో కిలోమీటర్ల మెట్లున్నాయి. ఇలాంటి చోట సంఖ్య మీద గీత గీస్తే పురసవాక్కం నుంచి ఎగ్మూరుకి వెళ్లేవాడూ తాంబరం వెళ్లేవాడూ ఒకటే అయిపోతారు.

చెన్నైలో పరిమితి ఇంకా లేదు. కానీ దానికి కావలసిన సరంజామా చాలామటుకు చేతికొచ్చింది. ఈ విషయం గురించి ఇప్పుడే రాయడానికి కారణం అదే.

మెట్రో సంస్థ, స్టేట్ బ్యాంకు కలిసి 2023 ఏప్రిల్ 14న సింగార చెన్నై కార్డు తెచ్చాయి. అది దేశమంతటికీ ఒకే కార్డు అన్న ఉద్దేశంతో 2019 మార్చిలో ప్రధాని ప్రారంభించిన నేషనల్ కామన్ మొబిలిటీ కార్డు జాతిదే. రూపే చిప్ మీద నడుస్తుంది. 2025 జనవరి నుంచి సిటీ బస్సుల్లో కండక్టరు చేతి మిషను కూడా ఈ కార్డు తీసుకుంటోంది. ఒకే కార్డుతో మెట్రో, బస్సు. నేను పురసవాక్కంలో ఎక్కి కండక్టరుతో "సెంట్రల్ సార్" అంటాను. ఆయన స్టేజీ నొక్కి మిషను నా వైపు చాపుతాడు. కార్డు ఆనిస్తాను. చిల్లర మాట లేదు. ఈ ఊళ్లో చిల్లర కోసం ఎన్ని మాటలు అనుకున్నామో తలుచుకుంటే అదే ఒక పెద్ద ఊరట.

ఈ కార్డు కడుపులో రెండు అరలున్నాయి. ఒకటి డబ్బు సంచి. అందులో రెండు వేల రూపాయల వరకు ఉంచుకోవచ్చు, నెట్ లేకున్నా మిషను అందులోంచి కోసుకుంటుంది. రెండోది రవాణా సంస్థలు తమ పద్దులు రాసుకునే చోటు: మెట్రోలో ఎక్కడ ఎక్కాడు, ఏ పాసు ఉంది, ఎప్పటిదాకా చెల్లుతుంది. "ఈ రోజు ఇప్పటిదాకా కోసింది ఇంత" అన్న ఒక్క అంకె ఆ చోట పట్టదని ఎవరూ అనలేరు. తేదీ, మొత్తం. అంతే.

బస్సులో ఈ పని మెట్రో కంటే కూడా తేలిక. మెట్రోలో ఎంత దూరం వెళ్లామో దిగాకే తెలుస్తుంది కాబట్టి, లోపలికి ఆనించి బయటికి ఆనించడం మరిచినవాడి లెక్క తెగదు. లండన్‌లో అలాంటివాడికి గరిష్ఠ ఛార్జీ పడుతుంది, అది పరిమితి లెక్కలోకి రాదు. మన బస్సులో కండక్టరు ఉన్నాడు. ఎక్కగానే ఎక్కడికో అడుగుతాడు. ఛార్జీ అప్పుడే తేలిపోతుంది. లండన్ ఇంజినీర్లు ఏళ్ల తరబడి తంటాలు పడ్డ చిక్కుముడి మనకి ఆ మనిషి వల్ల అసలు పడనే లేదు.

మరో దారి ఫోను. 2025 సెప్టెంబరులో చెన్నై వన్ అనే యాప్ వచ్చింది. బస్సు, మెట్రో, లోకల్ రైలు అన్నింటికీ ఒకే క్యూఆర్ టికెట్. కొన్న టికెట్లన్నీ ఒకే ఖాతా కింద ఉంటాయి కాబట్టి నాలుగో టికెట్ కొనేటప్పుడు మొదటి మూడూ చూసి ధర తగ్గించడానికి అడ్డు లేదు. అయితే పొద్దున కార్డు, సాయంత్రం ఫోను వాడేవాడి మాటేమిటి? కంప్యూటరుకి వాళ్లు ఇద్దరు మనుషులు. లండన్‌లో ఒకే బ్యాంకు కార్డుని ఫోనులో ఎక్కించుకున్నా ఫోను వేరే నంబరు చెప్తుంది, కాబట్టి రెండు లెక్కలు విడివిడిగా పెరిగి ఏదీ గీతని తాకదు. రోజంతా ఒకే దాన్ని ఆనించండి అని వాళ్లు మొత్తుకునేది అందుకే.

మనవాళ్లు ముందుగా కొనే పాసులతో ఈ దిక్కుగా చాలా ప్రయత్నాలే చేశారు. చెన్నై మెట్రో వంద రూపాయల రోజు కార్డు తెచ్చింది, డిపాజిట్ యాభై అదనం. పర్యాటకుల కోసమని పేరు. హైదరాబాద్ మెట్రో 2022 ఉగాది నుంచి సెలవు రోజుల్లో 59 రూపాయలకి రోజంతా తిరగనిచ్చింది, మరుసటి ఏడాది దాన్ని 99 చేసింది. హైదరాబాద్ సిటీ బస్సుల్లో టీ-24 అనే ఇరవై నాలుగు గంటల టికెట్ ఉంది. 2023లో దాని ధర వంద నుంచి తొంభైకి తగ్గించారు. అన్నీ మంచివే. అన్నీ పొద్దున్నే కొనాల్సినవే.

అన్నింటికంటే పాతదీ ఉదారమైనదీ రైల్వే సీజన్ టికెట్. చేట్‌పట్‌లోనో ఎగ్మూరులోనో లోకల్ రైలెక్కేవాళ్లకి దాని విలువ తెలుసు. నెల సీజన్ ధర సుమారు పదిహేను ఒంటి ప్రయాణాల ఖరీదుకి కట్టి ఉంటుంది. పాతిక రోజులు రానూ పోనూ తిరిగితే యాభై ప్రయాణాలు. 2014 జూన్‌లో ఆ పదిహేనుని ముప్ఫై చేయబోతే వచ్చిన గోలకి రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. అయినా దానికీ నెల డబ్బు ఒక్కసారి చేతిలో ఉండాలి.

ఇక్కడే నాకు బాధ. వెయ్యి రూపాయలు నెల మొదట్లో ఒక్కసారి తీసి పెట్టగలిగినవాడికి నెలంతా ప్రయాణం చవక. రోజు కూలి రోజు చేతికొచ్చేవాడు ఆ వెయ్యి తీయలేడు. రోజూ యాభై, అరవై పెట్టి టికెట్లు కొంటాడు. నెల చివరికి అతను కట్టింది పదిహేను వందలవుతుంది. అదే బస్సు, అదే సీటు. తక్కువ ఉన్నవాడు ఎక్కువ కట్టాడు. పురసవాక్కం హైరోడ్డు మీద బట్టల దుకాణాల్లో మూటలు మోసేవాళ్లు, వంటపనికి ఇల్లిల్లూ తిరిగేవాళ్లు, ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, మా మామయ్యలాంటి వసూలుదార్లు, వీళ్లెవరికీ నెల ముందే తెలియదు. పరిమితి అంటే వీళ్లకి పాసుని వాయిదాల్లో ఇవ్వడం. వడ్డీ లేకుండా, పూచీ అడక్కుండా, జ్వరమొచ్చిన రోజుకి డబ్బు కోయకుండా.

ఆడవాళ్లకి తమిళనాడు ప్రభుత్వం 2021 మేలోనే ఇంతకంటే పెద్ద మేలు చేసింది. మామూలు సిటీ బస్సుల్లో వాళ్లకి ఛార్జీ లేదు. పరిమితి భాషలో చెప్పాలంటే వాళ్ల గీత సున్నా దగ్గర ఉంది. ఆ సంవత్సరం నుంచి ఈ వీధిలో ఎంతమంది ఆడవాళ్లు రోజుకి మూడు నాలుగు బస్సులెక్కుతున్నారో కళ్లారా చూస్తున్నాను. రోజు ఖర్చు ముందే తెలిసినప్పుడు మనిషి మధ్యాహ్నం అమ్మని ఆసుపత్రిలో చూసి రావడానికి వెనకాడదు. ఎక్స్‌ప్రెస్, డీలక్స్, ఏసీ బస్సులకీ మెట్రోకీ మాత్రం వాళ్లూ కట్టాలి. అక్కడ వాళ్లకీ పరిమితి పనికొస్తుంది.

సంస్థలు నష్టపోవా అని అడుగుతారు. కొంత పోతుంది. ఎంత పోతుందో గీత ఎత్తుని బట్టి ఉంటుంది. లండన్ బస్సులో గీత మూడు ఛార్జీల దగ్గర ఉంది. రానూ పోనూ తిరిగి ఇంట్లో కూర్చునేవాళ్లు దాన్ని ఎన్నడూ తాకరు, వాళ్ల డబ్బు పూర్తిగా వస్తుంది. తాకేవాళ్లు మధ్యాహ్నమో రాత్రో చేసే నాలుగో ప్రయాణం ఎలాగూ సగం ఖాళీగా నడుస్తున్న బస్సులో. ఆ బస్సుకి డీజిలూ డ్రైవరూ అతని వల్ల పెరగవు. పైగా అతను షేర్ ఆటో ఎక్కకుండా బస్సుకే కట్టుబడతాడు.

దీనికంటే చిక్కైనది పంపకం. పొద్దున మెట్రోకి 40, మధ్యాహ్నం బస్సుకి 20, రాత్రి మెట్రోకి 30 పడాలి. మొత్తం 90. గీత 70 దగ్గరుంటే రాత్రి మెట్రో గేటు పదే కోస్తుంది. కోసిన వరస ప్రకారం వదిలేస్తే తగ్గిన ఇరవై రూపాయలూ మెట్రో నష్టం. బస్సు చివర ఎక్కితే బస్సు నష్టం. చివర ఎక్కించుకున్నవాడే ఎప్పుడూ నష్టపోతాడు. అందుకని రాత్రి మొత్తం డెబ్భైనీ ఎవరి ఛార్జీల నిష్పత్తిలో వాళ్లకి పంచాలి. మెట్రోకి 54 రూపాయల 44 పైసలు, బస్సుకి 15 రూపాయల 56 పైసలు. ఈ పంపకానికి బస్సుల సంస్థ, మెట్రో, దక్షిణ రైల్వే ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకే చిట్టా నమ్మాలి. ఊరి రవాణా అంతటినీ కలపడానికని 2010లో చట్టం చేసి పెట్టిన కుమ్టా అనే అథారిటీ ఉంది. చెన్నై వన్ యాప్ తెచ్చింది అదే. టికెట్‌ని కలపగలిగినవాళ్లు పరిమితినీ కలపగలరని నా నమ్మకం. చిప్‌లో ఒక అంకె రాయడం కంటే మూడు సంస్థల చేత ఆ అంకె మీద సంతకం పెట్టించడం కష్టమని తెలిసే ఈ మాట అంటున్నాను.

అన్నీ కుదిరాక మిగిలే ప్రశ్న ఒకటుంది. పైకి అల్పంగా కనిపిస్తుంది. రోజు ఎప్పుడు మొదలవుతుంది?

అర్ధరాత్రి పన్నెండుకి అంటే, హోటలు మూసి పన్నెండున్నరకి ఇల్లు చేరే సర్వరుకి ఆఖరి బస్సు మరునాటి లెక్కలోకి పోతుంది. అప్పటికే గీత తాకినవాడు మళ్లీ కట్టాలి. అందుకే లండన్ తెల్లవారుజామున నాలుగున్నరకి రోజు మారుస్తుంది. అక్కడ అది జనం అతి తక్కువగా కదిలే వేళ. ఇక్కడ కాదు. మా సందు చివర పూలమ్మే ఆయన మూడున్నరకే ఇంట్లోంచి బయల్దేరతాడు. కోయంబేడు మార్కెట్లో మల్లెలు, చామంతులు ఎంచి, మూట భుజాన వేసుకుని, అయిదు దాటాక గుడి ముందు దిగుతాడు. నాలుగున్నర గీత ఆయన పోయిరావడాన్ని మధ్యకి కోసేస్తుంది. పోవడం నిన్నటి ఖాతాలో, రావడం ఇవాళ్టి ఖాతాలో.

రెండు గంటలకి మారిస్తే సర్వరు లెక్కా తెగదు, పూలాయన లెక్కా తెగదు. ఆ వేళకి సర్వరు పడుకుని ఉంటాడు, పూలాయన ఇంకా లేవడు. పురసవాక్కం హైరోడ్డు మీద మెట్రో స్టేషను తవ్వుతున్న చోట రేకుల కంచె వెనక దీపాలు మాత్రం వెలుగుతుంటాయి.